చిత్రము నుండి చిత్తమునకు

తీర్థయాత్ర ముగించుకొని ఇల్లు చేరిన గృహస్థుని సంచిలో ఏమేమి ఉండును? స్వామి ప్రసాదము ఉండును. పసుపు, కుంకుమ, అక్షతలు, తులసీదళములు ఉండును. చిన్న చెంబులో తీర్థము ఉండును. పిల్లలకై కొన్న బొమ్మలు ఉండును. వీనితో పాటు నేటి కాలమున మరియొకటి తప్పక ఉండును. అది సెల్‌ఫోనులో నిండియున్న ఛాయాచిత్రముల రాశి.

తక్కిన వస్తువుల గతి మనకు తెలిసినదే. ఇంటికి చేరిన నాడే గృహిణి లడ్డును చిదిపి చిన్న చిన్న పొట్లములు కట్టును. ఎదురింటి వారికి, పొరుగింటి వారికి, పనిమనిషికి, పాలు పోయు వానికి ఆ పొట్లములు చేరును. యాత్రకు రాలేకపోయిన వారు కన్నుల కద్దుకొని ఆ ప్రసాదమును స్వీకరింతురు. పంచక దాచిన ప్రసాదము చీమల పాలగునని ఎరుగని ఇల్లాలు లేదు.

మరి ఛాయాచిత్రముల మాట ఏమి? వచ్చిన బంధువులకు ఒకటి రెండు దినములు చూపుదుము. వారు కూడ వేగముగా వ్రేలితో తోసివేయుచు, "బాగున్నవి, బాగున్నవి" అని తిరిగి ఇత్తురు. అటు పిమ్మట వాని ఊసు లేదు. ఇక స్థలము చాలదని ఆ యంత్రము మొరపెట్టుకొన్న నాడు మాత్రమే అవి మరల మనకు గుర్తుకు వచ్చును. అది కూడ వానిని తుడిచివేయుటకే.

ఈ సందర్భమున ఒక ప్రశ్న ఉదయించుచున్నది. యాత్రలో మనము తీసిన చిత్రము మనకు ఏమగును? అది మన సొత్తా? పూజావస్తువా? ఉత్త కాలక్షేపమా? దాని విషయమున గృహస్థునకు ధర్మమేదైన కలదా? ప్రశ్న చిన్నదిగానే కనబడును. కాని మనము ఎందుకు యాత్ర చేయుచున్నాము, చూచుట యనగా ఏమి, స్మరించుట యనగా ఏమి అను పెద్ద ప్రశ్నలు దీనిలో ఇమిడియున్నవి. కావున కొంచెము ఆలోచింతము.

కెమెరా లేని నాటి యాత్ర

కెమెరా లేని కాలమున మన పెద్దలు యాత్రలు చేయలేదా? చేసిరి. చేసి, తాము చూచినదానిని మనకు అందించి పోయిరి. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన పరివారముతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. దారిలో తిరుపతి, అహోబిలము, శ్రీశైలము మొదలగు క్షేత్రములను సేవించిరి. మజిలీ మజిలీకి తాము చూచిన విశేషములను వ్రాసి మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ళె గారికి పంపిరి. ఆ వ్రాతలే "కాశీయాత్ర చరిత్ర" యను పేరుతో 1838లో అచ్చయినవి. ఫ్రాన్సు దేశపు డాగేరు ఛాయాచిత్ర విధానము లోకమునకు వెల్లడియైనది 1839లో. అనగా ఆ గ్రంథము వెలువడునాటికి ఛాయాచిత్ర మనునది ప్రపంచమున ఎవరికిని అందుబాటులోనికి రాలేదు.

అయినను ఆ పుస్తకము చదువునప్పుడు దారి మన కన్నుల యెదుట కనబడును. బాట ఎట్టిది, బసకు చోటు దొరకునా, సామగ్రి లభించునా, ఏరు దాటుట ఎట్లు అని ఆయన శ్రద్ధతో వ్రాసిరి. రాత్రి వ్రాయవలెనన్న పగలు చూడక తప్పదు గదా! పైగా ఆ వ్రాత తమ గొప్ప చెప్పుకొనుటకు కాదు. తరువాత ఆ దారిని వచ్చు యాత్రికునకు ఉపయోగపడవలెనను బుద్ధి దానిలో కలదు. చూచుటయందు శ్రద్ధ, చూచినదానిని పంచుటయందు ఔదార్యము అను ఈ రెండు గుణములును యాత్రికునకు భూషణములు. మన చేతికి యంత్రము వచ్చిన పిదప ఈ రెండును పెరిగినవా, తరిగినవా యని ఎవరికి వారు ప్రశ్నించుకొనవలెను.

చిత్రమునకు గల స్థానము

ఇట్లన్నంత మాత్రమున చిత్రమును నిందించుట మన ఉద్దేశము కాదు. చిత్రపటమునకు వైష్ణవ గృహములలో గౌరవస్థానము కలదు. రాజా రవివర్మ 1894లో ముంబయి సమీపమున ముద్రణాలయమును నెలకొల్పి, దేవతా చిత్రములను రంగులలో అచ్చొత్తించుట ఆరంభించిన పిదప, లక్ష్మీసరస్వతుల పటములు సామాన్యుల ఇండ్లకు కూడ చేరినవి. ఆనాడు ఆలయములోనికి రానీయబడని వారి గోడలమీద కూడ స్వామి పటము వెలసినది. గుడి గడప దాటలేనివాని గడపను దేవుడే దాటి వచ్చినట్లయినది. కాగితముపై అచ్చయిన బొమ్మ ఎంత ఉపకారము చేయగలదో ఇందువలన తెలియుచున్నది.

శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున శ్రీకృష్ణుడు ఉద్ధవునకు ఉపదేశించు ఘట్టములో ప్రతిమలు ఎనిమిది విధములని చెప్పబడినది. శిలతో చేసినది, దారువుతో చేసినది, లోహముతో చేసినది, పూతగా మెత్తి తీర్చినది, లిఖించినది, ఇసుకతో చేసినది, మనస్సుతో భావించినది, మణులతో చేసినది. ఈ జాబితాలో లేఖ్యము, అనగా గీసిన బొమ్మ, ఒకటి. మనోమయము, అనగా మనస్సులో నిలుపుకొన్న రూపము, మరియొకటి. ఈ రెండును ఒకే వరుసలో చెప్పబడుట గమనింపదగినది. గోడమీది బొమ్మకును మనస్సులోని మూర్తికిని నడుమ దారి కలదనియు, మొదటిది రెండవదానికి మెట్టు కాగలదనియు మనము భావించుటలో తప్పు లేదు.

ఐతే ఒక భేదమును మరువరాదు. పాంచరాత్ర సంప్రదాయము భగవంతుని పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చారూపములను ఐదింటిని చెప్పుచున్నది. ఆలయములోని అర్చామూర్తి విధ్యుక్తముగా ప్రతిష్ఠింపబడి, నిత్యారాధనము అందుకొనుచున్న మూర్తి. మన ఫోనులోని చిత్రమునకు ఆ ప్రతిష్ఠ లేదు. కావున దానిని సాక్షాత్తు అర్చామూర్తిగా భావించి, "నా చేతిలోనే స్వామి ఉన్నాడు, ఇక గుడి ఎందుకు?" అనుట పొరపాటు. అట్లే, "ఇది ఉత్త కాగితము" అని నేలపై పారవేయుటయు పొరపాటే. అది స్వామి కాదు. స్వామిని తలపించు గురుతు. గురుతునకు గురుతుకు తగిన మర్యాద చేయవలెను. దానిచేత చేయింపవలసిన పని చేయింపవలెను.

మా తల్లిగారు అడిగిన ప్రశ్న

ఈ విషయమున నాకు కనువిప్పు కలిగించినది శాస్త్రము కాదు, మా తల్లిగారు. కొన్ని ఏండ్ల క్రిందట నేను అహోబిలము వెళ్ళితిని. 108 దివ్యదేశములలో ఆంధ్రదేశమున ఉన్నవి రెండే. ఒకటి తిరుమల, రెండవది అహోబిలము. నవనారసింహులను సేవింపవలెనన్న అడవిలో, కొండలలో నడువవలెను. మా తల్లిగారికి అప్పటికి ఎనుబది ఏండ్లు దాటినవి. చూపు పూర్తిగా పోయినది. ఆమె రాలేకపోయిరి. "నీవు పోయి చూచి వచ్చి నాకు చెప్పు" అని నన్ను పంపిరి.

నేను మూడు దినములలో మూడువందలకు పైగా చిత్రములు తీసితిని. ఇంటికి వచ్చి ఆమె ప్రక్కన కూర్చుండి, "అమ్మా, అన్నీ ఫోటోలు తీశాను" అంటిని. ఆమె నవ్వి, "ఫోటోలు నాకెందుకు నాయనా? నువ్వు చూసింది చెప్పు" అనిరి. నేను చెప్పుటకు ఆరంభించితిని. ఎగువ అహోబిలము, ఉగ్రస్తంభము, జ్వాలా నరసింహుడు అని పేర్లు చెప్పితిని. ఆమె అడిగిరి: "భవనాశిని దగ్గర నీళ్ళ చప్పుడు ఎట్లా ఉంది? జ్వాలా నరసింహుడి దగ్గరికి పోయేటప్పుడు కొండమీదనుంచి నీళ్ళు మీద పడ్డాయా? చల్లగా ఉన్నాయా?"

నాకు జవాబు తోచలేదు. నీరు పడుచున్నప్పుడు ఫోను తడియునేమో యను భయముతో దానిని చొక్కాలో దాచుకొనుట ఒక్కటే నాకు గుర్తున్నది. చప్పుడు వినలేదు. చల్లదనము ఎరుగను. ఆమెయే చెప్పనారంభించిరి. డెబ్బది ఏండ్ల క్రిందట, తమ పదవ ఏట, తండ్రిగారి చేయి పట్టుకొని ఆ ఏరు దాటిరట. నీళ్ళు మోకాళ్ళ వరకు వచ్చినవట. ఒక రాతిమీద పాచి ఉండి కాలు జారగా, తండ్రిగారు "గోవిందా!" అని ఆమెను ఎత్తి భుజముపై కూర్చుండబెట్టుకొనిరట. ఆ మాట చెప్పునప్పుడు చూపు లేని ఆ కన్నులలో వెలుగు కనబడినది.

ఆమెయొద్ద ఒక్క చిత్రము లేదు; అహోబిలము ఉన్నది. నాయొద్ద మూడువందల చిత్రములున్నవి, అహోబిలము లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందు కన్ను, తరువాత యంత్రము

తిరుమల ఆలయములోనికి కెమెరాలను, సెల్‌ఫోనులను తీసికొనిపోరాదను నియమము అందరికి తెలిసినదే. కొందరు దానిని అసౌకర్యముగా భావింతురు. నా అనుభవమును బట్టి అది యాత్రికునకు చేసిన మేలు. గర్భాలయము ఎదుట మనకు లభించునది క్షణకాలము. ఆ క్షణమున చేతిలో యంత్రమున్నచో దృష్టి దానిమీదనే నిలుచును. చేయి ఖాళీగా ఉండుటచే అది తానుగా జోడింపబడును. ఏ రూపమును యంత్రము పట్టరాదో, ఆ రూపమును మనస్సు పట్టవలసియున్నది. నియమము చెప్పకయే చెప్పుచున్న బోధ ఇది.

అదే ఆలయమున మహాద్వారము దాటి లోనికి పోగానే ప్రతిమా మండపమున శ్రీకృష్ణదేవరాయల లోహప్రతిమ, తిరుమలదేవి, చిన్నాదేవి అను రాణుల ప్రతిమలతో కూడ దర్శనమిచ్చును. రాయలు 1513 మొదలు 1521 వరకు ఏడు మారులు తిరుమలను సేవించినట్లు చరిత్ర చెప్పుచున్నది. సామ్రాజ్యాధిపతియైన ఆ మహారాజు తన రూపమును క్షేత్రమున శాశ్వతముగా నిలుపుకొన్నాడు. నిజమే. కాని ఎట్లు నిలుపుకొన్నాడు? చేతులు జోడించి, భక్తునిగా నిలుచున్నాడు. నేడు మనము గోపురమునకు వీపు త్రిప్పి, చేయి చాచి, మన ముఖమును ముందు పెట్టి చిత్రము తీసికొనుచున్నాము. గోపురము మన భుజము వెనుక ఎక్కడనో చిన్నదిగా కనబడును. క్షేత్రములో మన రూపము ఉండుట దోషము కాదు. ఎవరు ఎవరి ముందు నిలిచియున్నారను వివేకము లోపించుటయే దోషము.

కావున యాత్రికుడు ఒక చిన్న నియమము పెట్టుకొనవచ్చును. ఏ స్థలమునకు చేరినను ముందు కొంతసేపు ఊరక నిలిచి చూడవలెను. చప్పుడు వినవలెను. ఒక ప్రదక్షిణము చేయవలెను. ఆ తరువాత, అనుమతి గలచోట, ఒకటి రెండు చిత్రములు తీసికొనవలెను. పుష్కరిణిలో స్నానమాడువారిని, దుఃఖముతో ఏడ్చుచు మ్రొక్కుకొనువారిని, బిచ్చమెత్తువారిని వారి అనుమతి లేక చిత్రించుట యాత్రాధర్మము కాదు. వారి గౌరవమును దోచి మనము తెచ్చుకొను జ్ఞాపకము ఎట్టిదగును?

ఇంటిలో చిత్రముచే చేయింపదగిన పనులు

మా తల్లిగారి ప్రశ్న తరువాత నేను ఆ మూడువందల చిత్రములలో ముప్పదింటిని మాత్రము ఏరి కాగితముపై అచ్చు వేయించితిని. ప్రతి దినము సాయంకాలము దీపము పెట్టిన పిదప ఒక చిత్రమును చేతబట్టి ఆమె యొద్ద కూర్చుండి, దానిలో ఏమున్నదో మెల్లగా చెప్పుచుంటిని. చెట్టు ఎచ్చట ఉన్నది, మెట్లు ఎట్లున్నవి, అర్చకస్వామి ఏ వైపు నిలిచెను అని చెప్పవలసి వచ్చినప్పుడు, నేను తీసిన చిత్రమును నేనే మొదటిసారి చూచితిని. ఆమె తాము ఎరిగినది చెప్పుచుండిరి. ఆ మాటలను చిత్రము వెనుకవైపున పెన్సిలుతో వ్రాసికొంటిని. ఇట్లు మొదలైన అలవాటు మా ఇంటిలో మరికొన్ని అలవాట్లకు దారి తీసినది. అవి పాఠకులకు ఉపయోగపడునేమో యని ఇచట వ్రాయుచున్నాను.

మొదటిది, వ్రాత. ప్రతి చిత్రము వెనుక తేదీ, తిథి, స్థలము, వెంట ఉన్నవారి పేర్లు, ఒక చిన్న విశేషము వ్రాయవలెను. పేరు లేని చిత్రము మూడవ తరమునాటికి అపరిచితుల చిత్రమగును. "ఈ ప్రక్కన ఉన్నది ఎవరు?" అని మనుమడు అడుగునాటికి చెప్పువారు ఉండరు.

రెండవది, మాసమునకు ఒక క్షేత్రము. చిత్రములన్నిటిని ఒక్కసారి గోడకెక్కించినచో కన్ను దేనియందును నిలువదు. మేము పూజామందిరపు ప్రక్కగోడకు ఒక్క చట్రము మాత్రము తగిలించితిమి. పూజామందిరములో కాదు, ప్రక్కగోడకు. చైత్రమున శ్రీరామనవమికి భద్రాచలము, వైశాఖమున అక్షయ తృతీయనాటి నిజరూప దర్శనమునకు గురుతుగా సింహాచలము, ఆషాఢమున రథయాత్రకు పూరీ, ఆశ్వయుజమున బ్రహ్మోత్సవములకు తిరుమల, ధనుర్మాసమున శ్రీరంగము, ఫాల్గుణమున అహోబిలము. ఇట్లు మాసము మారినప్పుడు మేము వెళ్ళి తీసిన చిత్రమును మార్చుచుందుము. ఆ మాసమంతయు ఆ క్షేత్రపు కథ, ఆ స్వామి నామము ఇంటిలో వినబడుచుండును. మాసము ఏదియో పంచాంగము చూడకయే పిల్లలకు తెలియును.

మూడవది, పిల్లలకు పాఠము. మా ఇంటి పాత పెట్టెలో 1970 ప్రాంతమున మా తండ్రిగారు తీయించుకొన్న శ్రీరంగము చిత్రమొకటి కలదు. దానిలో దక్షిణపు రాజగోపురము కేవలము క్రింది భాగము మాత్రమే కట్టి విడువబడి మొండిగా నిలిచియున్నది. అది శతాబ్దుల పాటు అట్లే ఉండి, అహోబిల మఠము 44వ జీయరు స్వామివారి సంకల్పముతో 13 అంతస్తులుగా పూర్తియై, 1987 మార్చి 25వ తేదీన సంప్రోక్షణము జరుపుకొన్నది. ఆ పాత చిత్రమును, మేము ఇటీవల తీసిన చిత్రమును ప్రక్క ప్రక్కన పెట్టి చూపినప్పుడు మా మనుమరాలు, "ఎన్నో ఏండ్లు ఆగినా కట్టారా, తాతయ్యా?" అని అడిగినది. ఒక తరము ఆరంభించిన కైంకర్యమును ఎన్నో తరముల పిమ్మట వచ్చినవారు పూర్తి చేయుటలోని సొగసు ఆ పసిదానికి రెండు కాగితములచే బోధపడినది.

నాలుగవది, సాక్ష్యము. 1856లో గ్రీన్‌లా అను ఆంగ్ల సైనికాధికారి హంపిలో తీసిన చిత్రములలో విఠలాలయపు రాతిరథముపై ఇటుకల శిఖరము కనబడును. నేడు ఆ శిఖరము లేదు. గరుత్మంతుని సన్నిధియైన ఆ రథము ఒకప్పుడు ఎట్లుండెనో ఆ చిత్రము వలననే మనము చూడగలుగుచున్నాము. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురము 2010 మే 26వ తేదీన కూలిపోయినది. 2017లో నూతన గోపురము ప్రతిష్ఠింపబడినది. తిరుపతి యాత్రకు వచ్చినవారు ఆ పాత గోపురము క్రింద నిలిచి తీసికొన్న చిత్రములు మన ఇండ్లలో ఎన్ని లేవు! మీ ఊరి చిన్న ఆలయము విషయములోను ఇంతే. జీర్ణోద్ధారణకు పూర్వము తీసిన చిత్రము ఉన్నచో దానికొక ప్రతి చేయించి, వివరములు వ్రాసి ఆలయమునకు సమర్పింపుడు. అదియు ఒక కైంకర్యమే.

ఐదవది, బాకీ తీర్చుట. ఇది అన్నింటిలో ముఖ్యమని నా మనవి. ఎందుకనగా దీనిలో నేను తప్పిపోతిని. అహోబిలములో రాళ్ళదారిన నాకు చేయూతనిచ్చి దారి చూపిన వృద్ధుడొకడు ఉండెను. ఆయన చిత్రమును నేను తీసితిని. "బాబూ, నాకొకటి పంపుతారా?" అని ఆయన అడిగెను. పంపెదనని చెప్పి, మరచితిని. ఒకనాటి సాయంకాలము నేను ఆ చిత్రమును వర్ణించుచుండగా మా తల్లిగారు, "పాపం, ఆయనకు పంపావా?" అని అడిగిరి. మరుసటి నెలలో ఆ చిత్రమును పట్టుకొని నేనే వెళ్ళితిని. ఆయన అప్పటికి పరమపదించి నలుబది దినములైనవి. కుమారుడు ఆ కాగితమును రెండు చేతులతో అందుకొని చాలసేపు చూచెను. రేషను కార్డుమీది చిన్న బొమ్మ తప్ప ఆయన రూపము ఆ ఇంటిలో లేదట. ఆయన చూచుకొనవలెనని అడిగిన చిత్రమును ఆయన చూడలేదు. ఆ లోటు ఇక తీరునది కాదు. కావున యాత్రలో ఎవరి చిత్రమునైన తీసినచో, ఇచ్చిన మాటను ఆ వారములోనే చెల్లింపుడు.

ఆరవది, చిత్రమునకు అంత్యమున చేయవలసిన మర్యాద. రంగు వెలసిన పటములను రావిచెట్టు క్రింద కుప్పగా పెట్టి వచ్చుట, గాజుతో సహా ఏటిలో విడుచుట మనకు అలవాటైనది. గాజుపెంకు రేపు స్నానమునకు దిగిన భక్తుని పాదమునే కోయును. చట్రమును, గాజును తీసి మరియొక పటమునకు వాడుకొనవచ్చును. స్వామి రూపమును సంచులమీద, విస్తళ్ళమీద, ఒకపూట వాడి పారవేయు వస్తువులమీద అచ్చు వేయింపకుండుట అన్నింటికంటె మేలు. ఈ కాగితము చివరకు ఎచ్చటికి చేరునని ఆలోచించిన పిమ్మటనే అచ్చు వేయించుట మంచిది.

ఒక సందేహము

ఇక్కడ ఒక పెద్దలు ఇట్లు అడుగవచ్చును: "నమ్మాళ్వారు తిరుక్కురుకూరులో చింతచెట్టు క్రింద కూర్చుండి కదలకయే దివ్యదేశముల పెరుమాళ్ళను పాడినారని సంప్రదాయము చెప్పుచున్నది గదా! ఆయనకు యాత్ర అవసరము కాలేదు, చిత్రము అవసరము కాలేదు. నిజమైన భక్తునకు ఈ కాగితములతో పని ఏమి?" ఈ ప్రశ్న సత్యమైనది. చిత్రము లేకయే స్మరణ సిద్ధించినవారికి చిత్రముతో పని లేదు. మా తల్లిగారికి లేదు. కాని మనము ఆళ్వారులము కాము. ఉదయము లేచినది మొదలు వేయి పనులలో పడి మరచుట మనకు సహజము. మరచువానికి గురుతు కావలెను. నడువలేని వానికి చేతికర్ర అవమానము కాదు. కర్ర చేతిలో ఉన్నదని నడుచుట మానివేయుటయే అవమానము.

మరియొక మాట. 108 దివ్యదేశములలో 106 మాత్రమే ఈ భూమిమీద ఉన్నవి. తిరుప్పార్కడలు, పరమపదము అను మిగిలిన రెండును ఈ దేహముతో చేరదగినవి కావు. ఎంత గొప్ప కెమెరాయైనను ఆ రెండింటిని పట్టలేదు. నూటఆరింటి చిత్రములను సంపాదించినవాడు కూడ తక్కిన రెండింటి యెదుట చేతులు ముడుచుకొని నిలువవలసినదే. ఆ చోటికి మనతో వచ్చునది ఫోనులోని రాశి కాదు; అభ్యాసముచే మనస్సున నిలిచిన రూపము. ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తులలో శ్రవణ కీర్తనముల తరువాత స్మరణము చెప్పబడినది. విన్నదానిని, పలికినదానిని మనస్సు నిలుపుకొనుటయే స్మరణము. చిత్రము చూచి ఒకరికి ఒకరు చెప్పుకొనుటలో ఈ మూడును కలిసి వచ్చుచున్నవి.

తాళ్ళపాక కవుల సంకీర్తనములను చెక్కిన రాగిరేకులు శతాబ్దుల కాలము తిరుమల ఆలయములోని ఒక అరలో భద్రముగా ఉండెను. పాటలు చెడలేదు, కాని ఆ రేకులనుండి నాదము వినబడలేదు. ఇరువదవ శతాబ్దమున అవి వెలికి వచ్చి, చదువబడి, పాడబడిన పిమ్మటనే ఇంటింట ఆ కీర్తనలు మ్రోగినవి. దాచుట అవసరమే, దాచకున్న అవి మనకు దక్కెడివి కావు. కాని దాచుటతో పని ముగియలేదు. మన యాత్రాచిత్రములకును ఇదే న్యాయము.

మా తల్లిగారు పరమపదించి ఇప్పటికి మూడేండ్లయినది. ఆ ముప్పది చిత్రములు ఒక ఆల్బములో ఉన్నవి. వానిని ఎవరైన అడిగినచో నేను ముందువైపు కంటె వెనుకవైపునే ముందు చూపుచున్నాను. అచ్చట పెన్సిలుతో వ్రాసిన వంకర అక్షరములలో ఏటి చల్లదనము, పాచి పట్టిన రాయి, కూతురును భుజమున మోసిన తండ్రి, ఆయన పలికిన గోవిందనామము ఉన్నవి. ఏ యంత్రమును వానిని తీయలేదు. ఐనను, ఆ చిత్రములు లేకున్నచో నేను ఆమె ప్రక్కన ప్రతి సాయంకాలము కూర్చుండియుండను. ఆ మాటలు వినియుండను. చిత్రము చేసిన మేలు అది.

కావున సోదర సోదరీమణులారా! మీ ఇంటికి కూడ యాత్రనుండి చిత్రములు వచ్చియుండును. వానిలో ఒక్కదానిని ఈ సాయంకాలము బయటికి తీయుడు. కొండ ఎక్కలేని పెద్దలు ఇంటిలో ఉన్నచో వారి ప్రక్కన కూర్చుండుడు. లడ్డును చిదిపి పంచినట్లే దానిని మాటలతో చిదిపి పంచుడు. గోడమీది రూపము మనస్సులోనికి, మనస్సులోనిది మాటలోనికి, మాటలోనిది సేవలోనికి ప్రవహించు గాక! శ్రియఃపతి మనయందు అట్టి స్మరణను, అట్టి బుద్ధిని నిలుపు గాక!